పళ్ళు లెక్కపెడితే గేరు తేలదు

చెరకు క్రషర్‌లో పినియన్ (జతలో చిన్న గేరు) పన్ను విరిగిందంటే విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ముందుగా వినబడే ప్రశ్న ఒక్కటే: ఎన్ని పళ్ళు? విరిగిన గేరును గోనెసంచిలో వేసుకుని లేత్ షాపుకి వెళ్తారు. అక్కడ పళ్ళు లెక్కపెడతారు. బయటి వ్యాసం కొలుస్తారు. షాఫ్ట్ రంధ్రం, కీవే చూసుకుంటారు. కొద్ది రోజుల్లో కొత్త గేరు చేతికొస్తుంది. చూపుకి అది పాతదానికి అచ్చు గుద్దినట్టే ఉంటుంది. ఏ ఉక్కుతో చేశారు, గట్టిదనం ఎంత, పాతది అసలెందుకు విరిగింది అనే మూడు ప్రశ్నలు మాత్రం ఎవరూ వేయరు. వేయనందువల్లే అదే క్రషర్ అదే సీజన్‌లో మళ్ళీ ఆగిపోతూ ఉంటుంది.

తప్పు రైతుది కాదు, టర్నర్‌ది కాదు. నరికిన చెరకు రోజు గడిచేకొద్దీ బరువు తగ్గుతుంది, రసంలో పంచదార విరిగిపోతుంది, బెల్లం రంగు చెడుతుంది. పొయ్యి దగ్గర కూలీలు ఖాళీగా కూర్చుని ఉంటారు. అలాంటప్పుడు మిషను ఎప్పుడు తిరుగుతుందన్నదే అందరికీ కావాలి. ఉక్కు గురించి అడగాల్సిన వేళ అది కాదు, అంతకు చాలా ముందే ఎవరో ఒకరు ఆ లెక్క వేసి పెట్టి ఉండాలి. మెకానికల్ ఇంజనీరింగ్ చెప్పే కాలేజీలు ఇన్ని ఉన్న ఈ రెండు జిల్లాల్లో ఆ పని చేసిపెట్టేవాళ్ళు లేకపోవడమే అసలు లోటు.

లెక్క కష్టమైనదేం కాదు. 10 హార్స్‌పవర్ మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతోందనుకుందాం. దాని షాఫ్ట్ మీద మెలితిప్పే బలం, అంటే టార్క్, సుమారు 50 న్యూటన్ మీటర్లు. మోటారుకి 200 మిల్లీమీటర్ల పుల్లీ ఉంటే బెల్టు లాగే బలం 50 కిలోల బరువుకి సమానం. చెరకును నలిపే రోలర్ మాత్రం అంత వేగంగా తిరగకూడదు. తిరిగితే రసం దిగదు, పిప్పిలోనే ఉండిపోతుంది. నిమిషానికి 12 చుట్లకు తగ్గిస్తే, మధ్యలో పోయే నష్టాలు పక్కన పెట్టి చూస్తే, టార్క్ 120 రెట్లు పెరిగి 5,900 న్యూటన్ మీటర్ల దగ్గరకు చేరుతుంది. ఆఖరి పెద్ద గేరు 600 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటే దాని పంటి మీద పడే బలం 19,800 న్యూటన్లు, అంటే రెండు టన్నులు.

మోటారు అదే, పవర్ అదే. ఒక చివర యాభై కిలోలు, ఇంకో చివర రెండు టన్నులు. పళ్ళు షాఫ్ట్‌కి సమాంతరంగా ఉండే స్పర్ గేర్లలో ఒక్కో క్షణం రెండు జతల పళ్ళు కలిసి ఉంటాయి, ఒక్కో క్షణం ఒకే జత ఉంటుంది. ఆ ఒంటరి క్షణంలో రెండు టన్నులూ ఒక్క పన్నే మోయాలి. అందుకే “పది హార్స్‌పవర్‌కి పనికొచ్చే గేరు” అని అడగడంలో అర్థం లేదు. ఎన్ని చుట్ల దగ్గర పది హార్స్‌పవర్ అని అడగాలి.

పంటిని గోడలోంచి పొడుచుకొచ్చిన చిన్న దూలంగా భావించి, దాని మొదట్లో ఎంత ఒత్తిడి పుడుతుందో లెక్కగట్టే సూత్రాన్ని విల్‌ఫ్రెడ్ లూయిస్ అనే అమెరికన్ ఇంజనీరు 1892లో ఫిలడెల్ఫియాలో వివరించాడు. నేటికీ మెషిన్ డిజైన్ క్లాసులో గేర్ల పాఠం ఆ సూత్రంతోనే మొదలవుతుంది. మన క్రషర్‌కి దాన్నే వర్తింపజేద్దాం. పినియన్‌కి 17 పళ్ళు, మాడ్యూల్ (పళ్ళు కలిసే చోటి వ్యాసాన్ని పళ్ళ సంఖ్యతో భాగిస్తే వచ్చే మిల్లీమీటర్లు) 10, పంటి వెడల్పు 100 మిల్లీమీటర్లు అనుకుంటే పంటి మొదట్లో ఒత్తిడి 65 మెగాపాస్కల్స్ వస్తుంది. చెరకు కట్ట ఒక్కసారిగా దూరినప్పుడు పడే కుదుపుని కలుపుకుంటే అది రెట్టింపవుతుంది. ఎఫ్‌జీ 200 రకం పోత ఇనుము తెగే బలమే 200 మెగాపాస్కల్స్. మూడో వంతుకి మించి మోయించకూడదనుకుంటే దాని హద్దు 67 దగ్గరే ఆగిపోతుంది. నార్మలైజ్ చేసిన ఈఎన్ 8 ఉక్కు బలం 550 దగ్గర ఉంటుంది, కాబట్టి దాని హద్దు 180 దాటుతుంది. రెండు పినియన్లనూ రంగువేసి పక్కపక్కన పెడితే ఏది ఏదో కంటికి తెలియదు. ఒకటి సీజన్ దాటిస్తుంది, ఇంకొకటి దాటించదు.

ఇనుప గానుగ మన దేశానికి కొత్త కాదు. ఎద్దులు తిప్పే కర్ర గానుగల స్థానంలో ఇనుప రోలర్ల మిల్లును 1870లలో బిహార్‌లోని బిహియాలో థామ్సన్, మైల్న్ అనే ఇద్దరు తయారుచేశారు. అది దేశమంతా పాకింది. ఎద్దు నడకకి పోత ఇనుప పళ్ళు సరిపోయేవి. అడ్డం పడితే ఎద్దు ఆగిపోయేది. మోటారు అలా ఆగదు. ఇండక్షన్ మోటారు ఆగిపోయేముందు తన మామూలు టార్క్‌కి రెండు, రెండున్నర రెట్లు లాగుతుంది. చెరకు మధ్య ఇనుప ముక్కో రాయో పడితే ఆ బలమంతా పంటి మీదికే వస్తుంది. పాతకాలపు ఫ్లాట్ బెల్టు ఇక్కడ కరెంటు ఫ్యూజులా పనిచేసేది, బరువు మించితే జారిపోయేది. జారుతోందని విసుక్కుని దాన్ని తీసేసి, మోటారును నేరుగా కప్లింగ్‌తో బిగించిన చోట పినియన్లు విరగడం మొదలవుతుంది. గేరును తిట్టే ముందు ఆ బెల్టును ఎప్పుడు తీసేశారో గుర్తుచేసుకోవడం మంచిది.

ఇక ఉక్కు సంగతి. బజారులో దొరికే పేర్లు నాలుగైదే: ఈఎన్ 8, ఈఎన్ 19, ఈఎన్ 24, ఈఎన్ 353, 20ఎంఎన్‌సీఆర్5. మొదటిది సాదా మధ్యస్థ కార్బన్ ఉక్కు. చవకగా దొరుకుతుంది, లేత్ మీద హాయిగా తెగుతుంది. నెమ్మదిగా తిరిగే పెద్ద గేర్లకి ఇది చాలు. ఈఎన్ 19, ఈఎన్ 24 మిశ్రమ ఉక్కులు. నూనెలో చల్లార్చి టెంపరింగ్ చేస్తే కుదుపులకు తట్టుకునే పినియన్ అవుతుంది. చివరి రెండూ కేస్ హార్డెనింగ్ ఉక్కులు. 900 డిగ్రీలు దాటిన వేడిలో వీటి పైపొరకి కార్బన్ ఎక్కించి చల్లారిస్తే పంటి పైభాగం 58 నుంచి 62 రాక్‌వెల్ గట్టిదనానికి చేరుతుంది, లోపలి ఉక్కు మాత్రం మెత్తగా, సాగే గుణంతో మిగులుతుంది. పైన అరుగుదల ఉండదు, లోపల పెళుసుతనం ఉండదు. ట్రాక్టర్ గేర్‌బాక్సుల్లో ఇలాంటి గేర్లే ఉంటాయి.

గట్టిదనం ఎందుకింత ముఖ్యమో ఒక లెక్క చెబుతుంది. పంటి ముఖం అరుగుదలకి ఎంతవరకు నిలుస్తుందన్నది బకింగ్‌హామ్ సూత్రం ప్రకారం బ్రినెల్ గట్టిదనం వర్గంతో పెరుగుతుంది. 200 బ్రినెల్ ఉన్న పంటిని 400కి తీసుకెళ్తే అరగకుండా మోసే బరువు నాలుగింతలవుతుంది. గేరు సైజు మిల్లీమీటరు కూడా పెంచనక్కర్లేదు. హీట్ ట్రీట్‌మెంట్‌కి అయ్యే ఖర్చు ఎక్కువని వెనక్కి తగ్గేవాళ్ళు ఈ ఒక్క సంగతీ చూడాలి. ఇంకో మాట, పినియన్ పెద్ద గేరు కన్నా ఎక్కువసార్లు తిరుగుతుంది కాబట్టి దాని పళ్ళకే పని ఎక్కువ. అందుకని పినియన్‌ను పెద్ద గేరు కన్నా కాస్త గట్టిగా ఉంచుతారు. రెండూ ఒకే కడ్డీలోంచి కోసి ఒకే తీరున వదిలేస్తే పినియన్ ముందు పోతుంది.

విరిగిన పంటికి వెల్డింగ్ పోసి ఆకురాయితో రుద్ది ఆకారం తెప్పించడం మన దగ్గర మామూలు. మాడ్యూల్ పెద్దదై, వేగం తక్కువగా ఉంటే అది నాలుగు రోజులు గడిపిస్తుంది, కాదనలేం. కాని ఈఎన్ 8లో కార్బన్ 0.4 శాతం దాకా ఉంటుంది. ముందుగా వేడిచేయకుండా వెల్డింగ్ పోస్తే అతుకు పక్కనే ఉక్కు గాజులా పెళుసెక్కి, తర్వాతి పగులు అక్కడే మొదలవుతుంది. అది మరమ్మతు కాదు, కొత్త గేరు వచ్చేదాకా కాలం నెట్టడం. ఆ ముక్క చెప్పే వెల్డర్‌నే నమ్మాలి.

పళ్ళ సంఖ్యకీ ఓ నియమం ఉంది. పళ్ళు ఒకదాన్నొకటి తోసే వాలును పీడన కోణం అంటారు. అది 20 డిగ్రీలైతే, 17 కన్నా తక్కువ పళ్ళతో మామూలుగా గేరు కోస్తే కట్టరు పంటి మొదలును తినేస్తుంది, పన్ను ఎక్కడ బలంగా ఉండాలో అక్కడే సన్నబడుతుంది. అలాగే 20 పళ్ళ పినియన్‌ను 60 పళ్ళ గేరుతో జతచేస్తే ప్రతి మూడు చుట్లకోసారి అవే పళ్ళు కలుస్తాయి. ఒక పంటికి మచ్చ పడితే ఎదుటి మూడు పళ్ళే దాని దెబ్బలు తింటాయి. 17, 60 జత అయితే అదే జంట మళ్ళీ కలవడానికి పినియన్ 60 చుట్లు తిరగాలి. అరుగుదల గేరంతా సమంగా పంచుకుపోతుంది. పైసా ఖర్చు లేని జాగ్రత్త ఇది, డ్రాయింగు గీసేటప్పుడు గుర్తుంటే చాలు.

పళ్ళు లెక్కపెట్టడం ఎంత మోసం చేయగలదో చూడాలంటే జూట్ మిల్లుల వైపు వెళ్ళాలి. నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం, కొత్తవలస ప్రాంతాలు గోనెసంచుల పరిశ్రమకి పేరుపడినవి. 1855లో హుగ్లీ ఒడ్డున రిష్రాలో మొదటి జూట్ మిల్లు పెట్టినప్పుడే యంత్రాలు స్కాట్లాండ్‌లోని డండీ నుంచి వచ్చాయి. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు మన జూట్ పరిశ్రమ నడిచింది అంగుళాల కొలతల యంత్రాల మీదే. అంగుళాల లోకంలో గేరుకి మాడ్యూల్ ఉండదు, డయామెట్రల్ పిచ్ ఉంటుంది. వ్యాసంలో అంగుళానికి ఎన్ని పళ్ళన్నదే ఆ లెక్క. వాడుకలో డీపీ అంటారు. 8 డీపీ అంటే మిల్లీమీటర్లలో 3.175 మాడ్యూల్. బజారులో దొరికేదేమో 3 మాడ్యూల్. 30 పళ్ళ గేరు 8 డీపీ అయితే బయటి వ్యాసం సరిగ్గా నాలుగు అంగుళాలు, అంటే 101.6 మిల్లీమీటర్లు. 3 మాడ్యూల్ అయితే 96. ఇది కాలిపర్‌కి ఇట్టే దొరికిపోతుంది. 10 డీపీ, రెండున్నర మాడ్యూల్ మధ్య తేడా మాత్రం నూటికి ఒకటిన్నర పైచిలుకే. అక్కడ చెయ్యి తిరిగినవాళ్ళు కూడా పొరబడతారు. పైగా పాత గేర్లలో చాలావాటికి పీడన కోణం 20 డిగ్రీలు కాదు, పద్నాలుగున్నర. డీపీ కలిసినా కోణం కలవకపోతే పళ్ళు ముఖాలు ఆనించుకోవు, అంచులతో కొట్టుకుంటాయి. చప్పుడు వస్తుంది, గ్రీజు నల్లబడుతుంది, నెలల్లో పళ్ళు కత్తుల్లా సన్నబడతాయి.

కొలిచే పద్ధతి ఎవరికైనా వచ్చేదే. బయటి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, పళ్ళ సంఖ్యకి రెండు కలిపి భాగించాలి. 2, 2.5, 3, 4, 5 లాంటి నిండు సంఖ్య వస్తే మాడ్యూల్ గేరు. 3.175, 2.54 లాంటి వంకర సంఖ్య వస్తే 25.4ని దానితో భాగించి చూడాలి. 8, 10 వచ్చాయంటే అది డండీ కాలపు సంతానం.

రైతు ఇంట్లో గేరు ఎంపిక ఇంకో రూపంలో ఎదురవుతుంది. రోటావేటర్ కొనేటప్పుడు గేర్ డ్రైవా, చైన్ డ్రైవా అని డీలర్ అడుగుతాడు. గేర్ డ్రైవ్‌లో పక్క పెట్టెలో స్పర్ గేర్లు వరుసగా ఉంటాయి. మధ్య గేరు పంటిని ఒకవైపు ఒకటి తోస్తే, రెండోవైపు అదే పన్ను మరోదాన్ని తోస్తుంది. పన్ను చుట్టుచుట్టుకీ రెండువైపులా వంగుతుంది కాబట్టి దానికి ఇచ్చే ఒత్తిడి హద్దును 70 శాతానికి తగ్గించమని అమెరికన్ గేర్ తయారీదారుల సంఘం ప్రమాణాలు చెబుతాయి. విడిభాగాల షాపులో చవగ్గా దొరికే మధ్య గేరు ఏ ఉక్కుదో తెలియకుండా వేసుకుంటే ముందుగా విరిగేది అదే. నాగావళి, వంశధార ఆయకట్టులో రోటావేటర్ దుక్కికన్నా దమ్ముకే ఎక్కువ దిగుతుంది. సీలు పోయి నీళ్ళు దూరితే నూనె పాలరంగుకి మారుతుంది. ఆ నూనెలో ఎంత మంచి ఉక్కైనా నిలవదు. గేరు ఎంపికలో సీలూ నూనే కూడా భాగం.

ఇక్కడే ఒక బాధ చెప్పుకోవాలి. ఈ ప్రాంతంలో గేర్లంటే ఏమిటో నిజంగా తెలిసిన మనుషులు చక్కెర ఫ్యాక్టరీల్లో ఉండేవారు. చక్కెర మిల్లులో పైరోలర్ చెరకు మందాన్ని బట్టి లేస్తూ దిగుతూ ఉంటుంది. రోలర్ల మధ్య దూరం మారినా పళ్ళు విడిపోకుండా క్రౌన్ పినియన్లకి పొడవాటి ప్రత్యేకమైన పళ్ళుంటాయి. వాటిని చూసీ చూసీ, చప్పుడు విని జబ్బు చెప్పగలిగిన ఫిట్టర్లు తయారయ్యారు. ఆమదాలవలస సహకార చక్కెర కర్మాగారం మూతపడి రెండు దశాబ్దాలు దాటింది. భీమసింగి చక్కెర ఫ్యాక్టరీలో గానుగ ఆగింది. సీతానగరం మండలం లచ్చయ్యపేటలో ఆగింది. చెరకు ఇప్పుడు సంకిలి ఫ్యాక్టరీ దాకా పోతోంది, లేదా ఊళ్ళోనే బెల్లమవుతోంది. ఫ్యాక్టరీ మూతపడితే రైతు బకాయిల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడుకున్నాం, మాట్లాడుకోవాలి కూడా. ఫిట్టర్ చేతిలోని పరిజ్ఞానం ఎటు పోయిందని మాత్రం ఎవరూ అడగలేదు. అది ఎక్కడా రాసిపెట్టలేదు. ఆ తరం పెద్దవాళ్ళు ఇంకా ఉండగానే రాసిపెట్టుకోవడం మంచిది.

స్పర్ గేరు ఆగితే బెల్లం ఒక్కటే ఆగదు. బ్యారేజీ గేట్లను ఎత్తే రోప్ డ్రమ్ హాయిస్టుల్లో డ్రమ్మును తిప్పేది తెరిచి ఉండే పెద్ద స్పర్ గేర్లే. వీటికోసం ఐఎస్ 6938 అనే భారతీయ ప్రమాణం ఉంది. మోటారు తన గరిష్ఠ టార్క్ ఇచ్చినప్పుడు కూడా భాగాలు తట్టుకుంటాయో లేదో చూడమంటుంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంలో 19వ నంబరు గేటు కొట్టుకుపోయింది. తెగింది గొలుసు లింకు, గేరు కాదు. అయినా బలాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసే వరుసలో ఒక్క భాగం అలసిపోతే మూడు రాష్ట్రాల రైతులు ఎంత కలవరపడ్డారో అందరూ చూశారు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు మార్గదర్శకత్వంలో స్టాప్‌లాగ్‌లు, అంటే నీటికి అడ్డుగా దించే తాత్కాలిక పలకలు, దించేదాకా ఊపిరి తిరగలేదు. వంశధార మీద గొట్టా, నాగావళి మీద తోటపల్లి, నారాయణపురం మనకున్నాయి. వరద వచ్చేముందు హాయిస్టు పళ్ళకి గ్రీజు రాయడంతో తనిఖీ అయిపోకూడదు. గ్రీజు తుడిచి, పంటి మొదట్లో సన్నటి పగుళ్ళున్నాయేమో రంగుద్రవం పూసి చూడాలి.

మరి ఎవరు చేయాలి? 2022లో విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉత్తరాంధ్ర ఇంజనీరింగ్ కాలేజీలు దాని కిందికి వచ్చాయి. విజయనగరం, రాజాం, టెక్కలిలో మెకానికల్ విభాగాలున్నాయి. పాలిటెక్నిక్‌లూ ఐటీఐలూ వేరే. ఫైనలియర్ ప్రాజెక్టు పేరుతో కొనుక్కొచ్చిన మోడళ్ళు ఎన్నో ఏటా బల్లల మీదికి వస్తాయి. వాటిలో గేర్లుంటాయి, కాని ఏ గేరు ఎందుకు వేశారని అడిగితే దొరికింది కాబట్టి అన్నదే జవాబు. పరీక్షహాల్లో కోయంబత్తూరు పీఎస్‌జీ కాలేజీ డిజైన్ డేటా బుక్ తెరిచి గేరు లెక్కను పేజీలకొద్దీ సాధించిన విద్యార్థే, వర్క్‌షాపులో ఉక్కు పేరు చెప్పలేకపోవడం సిలబస్ లోపం కాదు. పుస్తకాన్నీ ఊళ్ళోని మిషన్నీ కలపకపోవడం.

విశ్వవిద్యాలయం ఒక్క షరతు పెడితే చాలు: పవర్ ట్రాన్స్‌మిషన్ ప్రాజెక్టు ఏదైనా జిల్లాలో తిరుగుతున్న ఒక మిషను గేరుతో మొదలవ్వాలి. విద్యార్థులు దాన్ని కొలవాలి, మాడ్యూలో డీపీయో తేల్చాలి, గట్టిదనం పరీక్షించాలి, పంటి మీద బరువు లెక్కగట్టాలి, తమ ప్రాజెక్టు గేరు ఆ లెక్క నుంచి రావాలి. చివరికి ఆ మిషను యజమానికి ఒక పేజీ తెలుగులో రాసి ఇవ్వాలి: పళ్ళ సంఖ్య, మాడ్యూల్, పీడన కోణం, ఉక్కు, హీట్ ట్రీట్‌మెంట్, గట్టిదనం. ఆ పేజీ ఉంటే లేత్ షాపులో ఎన్ని పళ్ళన్న ప్రశ్న దగ్గర మాట ఆగదు. చేతిలో పట్టుకెళ్ళే హార్డ్‌నెస్ టెస్టర్ ప్రతి పాలిటెక్నిక్‌లో ఒకటి ఉంచి, నామమాత్రపు రుసుముతో షాపులవాళ్ళకి అందుబాటులో పెట్టొచ్చు. గేరు బిల్లు మీద ఉక్కు పేరు, గట్టిదనం రాసే షాపుకే ప్రభుత్వ శాఖలు ఆర్డరివ్వాలి. ఈఎన్ 24 అని చెప్పి ఈఎన్ 8 ఇచ్చేవాళ్ళని అడ్డుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

దీనితోపాటు ఇంకొకటి ఉంది, దాన్ని చివర్లో పెట్టడం ప్రాధాన్యం తగ్గించడానికి కాదు. క్రషర్‌లో చెరకు పెట్టే చేతులు చాలాచోట్ల ఆడవాళ్ళవి. పక్కనే తెరిచి ఉన్న గేర్లు చీరకొంగును పట్టుకుంటే విడిపించే సమయం ఉండదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ తిరిగే భాగాలకి కంచె ఉండాలని చెప్పింది, కాని పొలంలోని చిన్న క్రషర్ దగ్గరకు ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. రేకుతో చేసిన కవరు ఖరీదు ఒక పినియన్ ఖరీదు కన్నా తక్కువే. గేరు మార్చిన ప్రతిసారీ కవరు బిగించాకే మిషను అప్పగించాలని లేత్ షాపులు కట్టుబాటు పెట్టుకోవాలి, విద్యార్థులు రాసిచ్చే ఆ పేజీలో కవరు కొలతలకీ ఒక గడి ఉండాలి. ఫైనలియర్ రెండో సెమిస్టర్, చెరకు ఆడే సీజన్ దాదాపు ఒకే నెలల్లో వస్తాయి. వచ్చే సంక్రాంతికి ముందే కాలేజీలు ఊళ్ళ పేర్లు పంచుకుంటే, క్రషర్లు తిరుగుతుండగానే కొలతలు మొదలుపెట్టొచ్చు.